కనకమ్మగారి బడి, మా ఇంటి గరిటె

మాకు ఇద్దరు పిల్లలు. పెద్దాడు ఎనిమిదో తరగతి, చిన్నది ఆరో తరగతి. కిందటేడు ఒక శనివారం వాళ్ల బడిలో పుస్తకాల సంచి తేవద్దన్నారు. ఆ రోజు పొయ్యి వెలిగించకుండా చేసే వంటల పోటీ అట. ఇద్దరూ శుక్రవారం రాత్రంతా నా కొంగు పట్టుకుని తిరిగారు. పెద్దాడికి అటుకులు తడిపి పెరుగు కలపడం, అందులోకి అల్లం, పచ్చిమిరపకాయ సన్నగా తరగడం, మామిడికాయ కోరడం నేర్పాను. వాడు చెయ్యి కోసుకుంటాడేమోనని నేను, కోసుకోకుండా తరిగి చూపిస్తానని వాడు. మొత్తానికి బాగానే తరిగాడు. వాడి నాయన కూడా చూసి, పర్లేదే అన్నట్టు నవ్వారు.

శనివారం సాయంత్రం ఇద్దరూ ఇంటికొచ్చారు. పెద్దాడి డబ్బా మూత తియ్యకుండా అట్లనే వచ్చింది. ఏందిరా అంటే, మగపిల్లలు బల్లలు జరపాలంట, రంగు కాగితాలు కట్టాలంట, వంట మాత్రం ఆడపిల్లలు చెయ్యాలన్నారంట. వాడికి బాధేమీ లేదు. పైగా బతికిపోయానన్నట్టు మొహం పెట్టాడు. వంట మగవాళ్ల పని కాదని బడిలోనే తేల్చేశారు గదా, ఇంక అమ్మ చెప్పినా వినాల్సిన పని లేదని వాడి లెక్క. చిన్నదానికి బహుమతి వచ్చింది. బహుమతితో పాటు, రేపు అత్తారింట్లో పనికొస్తుందిలే అన్న మాట కూడా ఇచ్చి పంపారు. పదకొండేళ్ల పిల్ల అది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా తొమ్మిదో తరగతి గుర్తొచ్చింది. మా బడిలో వారానికి రెండు పీరియడ్లు పని అనుభవం అని ఉండేది. ఆడపిల్లలం కుట్లు, అల్లికలు, అప్పుడప్పుడు ఉప్మా, పులిహోర చేసేవాళ్లం. మగపిల్లలకు తోటపని అని రాసి ఉండేది గానీ, ఆ గంటలో లెక్కల మాస్టారు వాళ్లను కూర్చోబెట్టి అదనంగా లెక్కలు చెప్పేవారు. మేము పోపు మాడ్చుకుంటుంటే పక్క గదిలోంచి బీజగణితం వినపడేది. పదో తరగతిలో లెక్కల్లో నాకు వచ్చిన మార్కులు చూసి మా నాయన ఏమీ అనలేదు. ఆడపిల్లకు ఈ మాత్రం చాల్లే అనుకున్నారు కాబోలు. నాకు మాత్రం ఆ పోపు వాసన ఇంకా ముక్కులో ఉంది.

ఆలోచిస్తూ పడుకుంటే మా జేజి మాట గుర్తొచ్చింది. నేను చదువుకోనని మారాం చేసినప్పుడల్లా జేజి ఒక పేరు చెప్పేది. బడి మొహం చూడని ఆ తల్లి మనందరికీ బడి కట్టిపెట్టి పోయింది, నువ్వేమో పుస్తకం చూస్తే ఏడుస్తుండావు అనేది. ఆమే పొణకా కనకమ్మగారు. నెల్లూరు జిల్లాలో ఆ పేరు విననివాళ్లు తక్కువ. కానీ పేరు విన్నంత మాత్రాన ఆమె బతుకు తెలిసినట్టు కాదు. తెల్లారినాక పుస్తకాలు వెతికి మళ్లీ చదివాను. చదివినకొద్దీ, మా పిల్లల బడి సంగతికీ ఆమె జీవితానికీ ఏదో లంకె ఉందనిపించింది. అందుకే ఇదంతా మీతో చెప్పుకుంటున్నాను.

బడి లేని బాల్యం

కనకమ్మగారు 1892 జూన్ 10న నెల్లూరు జిల్లా మినగల్లులో పుట్టారు. పుట్టినింటి పేరు మరుపూరు. కలిగిన కుటుంబమే. కానీ ఎంత కలిగినా ఆ రోజుల్లో ఆడపిల్లను బడికి పంపడం మాత్రం లేదు. పదేళ్లయినా నిండకుండానే పొట్లపూడికి చెందిన పొణకా సుబ్బరామిరెడ్డిగారితో పెళ్లి చేసేశారు.

ఆ కాలంలో పెద్ద రైతుల ఇళ్లలో వంటిల్లు ఎలా ఉండేదో మా జేజి కథలు కథలుగా చెప్పేది. రోజుకు ఎంతమంది తింటారో లెక్క ఉండదు. వడ్లు దంచడం, చెరగడం, మజ్జిగ చిలకడం, ఏడాదికి సరిపడా ఆవకాయ, మాగాయ, ఉప్పు మిరపకాయలు జాడీలకెత్తడం. ఇంటికొచ్చిన కోడలు చిన్నపిల్ల అయినా ఈ బడిలోనే కూర్చోవాలి. ఇక్కడ సెలవులు లేవు, పై తరగతికి పోవడం లేదు. ఇక్కడ నేర్చిన దానికి చదువని పేరు కూడా లేదు. ఎంత ఉప్పు వేస్తే ఊరగాయ ఏడాది నిలుస్తుందో తెలిసిన మనిషిని కూడా ఏమీ తెలియని ఆడది అనేవాళ్లు.

కనకమ్మగారు ఆ ఇంట్లోనే, ఆ పనుల నడుమనే అక్షరాలు పట్టుకున్నారు. గురువు దగ్గర వరుసగా కూర్చుని నేర్చిన చదువు కాదు అది. సొంత పట్టుదలతో తెలుగు చదివారు, సంస్కృతం నేర్చుకున్నారు, తరవాత హిందీ కూడా నేర్చారు. పద్యాలు రాశారు. ద్రోణంరాజు లక్ష్మీబాయమ్మగారితో కలిసి జంటగా కవిత్వం చెప్పారు. ఇద్దరు స్త్రీలు జంటకవులుగా పేరు తెచ్చుకోవడం మన సాహిత్యంలో అరుదు.

తన మట్టుకు తాను చదువుకుని సంతోషపడి ఊరుకుంటే ఆమె కథ అక్కడితో అయిపోయేది. కానీ ఆమె ఊరుకోలేదు. పొట్లపూడిలో సుజన రంజని సమాజం పెట్టారు. ఊళ్లో గ్రంథాలయం, చదువు, పేదవారికి సాయం, అంటరానితనం పోవాలన్న ప్రయత్నం, అన్నీ దాని చుట్టూ నడిచాయి. పెద్దింటి కోడలు హరిజనవాడకు వెళ్లడమంటే ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. బయట లోకం ఏమంటుందోనన్న భయం ఒకటైతే, ఇంట్లో వాళ్లను ఒప్పించడం ఇంకొకటి. ఆడవాళ్లకు ఈ రెండోదే ఎప్పుడూ కష్టం. ఆ సంగతి నేను చెప్పాలా, మీకు తెలియదా!

పెన్న ఒడ్డున ఆశ్రమం

మొదట్లో కనకమ్మగారి మనసు తిలక్ వంటి అతివాదుల వైపు మొగ్గింది. తరవాత గాంధీజీ దారికొచ్చారు. ఇందుకూరుపేట దగ్గర పల్లెపాడులో పెన్నానది ఒడ్డున పినాకినీ సత్యాగ్రహాశ్రమం వెలిసింది. దిగుమర్తి హనుమంతరావుగారు, చతుర్వేదుల కృష్ణయ్యగారు దాన్ని నడపడానికి పూనుకున్నారు. దానికి భూమి సమకూర్చిన చెయ్యి కనకమ్మగారిది. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ స్వయంగా వచ్చి ఆ ఆశ్రమాన్ని ప్రారంభించారు. దక్షిణాఫ్రికాలో గాంధీజీకి తోడుగా నిలిచిన పార్సీ రుస్తుంజీ ఇచ్చిన విరాళంతో అక్కడ భవనం లేచింది. సబర్మతి ఆశ్రమం పద్ధతిలోనే నడవాలని పెట్టుకున్నది కాబట్టి దాన్ని దక్షిణాదికి సబర్మతి అని చెప్పుకుంటారు.

మేముండే ఊరి నుంచి పల్లెపాడు పెద్ద దూరమేమీ కాదు. పెళ్లయిన కొత్తలో ఒకసారి, పిల్లలు పుట్టాక ఒకసారి వెళ్లాను. చెట్ల నీడ, ఏటి గాలి. చూసి రావడానికి వెళ్లినవాళ్లం చూసి వచ్చేశాం. కానీ సబర్మతి పద్ధతి అంటే ఏమిటో ఈ మధ్యే సరిగ్గా ఆలోచించాను. గాంధీజీ ఆశ్రమంలో వంట అందరిదీ. ఆడా మగా, బ్రాహ్మడూ హరిజనుడూ అని లేకుండా కూరలు తరగడం, గోధుమలు విసరడం, అంట్లు తోమడం, పాయిఖానాలు కడగడం వంతుల వారీగా చెయ్యాలి. లాయర్లు, పండితులు అని పేరున్నవాళ్లు కూడా అక్కడ విసుర్రాయి ముందు కూర్చున్నారు.

మనకిది వినడానికి మామూలుగా ఉంది. 1921లో మన పల్లెల్లో ఎలా ఉండేదో ఊహించండి. ఎవరి చేతి నీళ్లు ఎవరు తాగాలి, ఎవరి పొయ్యి ఎవరు తాకాలి అన్నదే కులం. ఇంట్లో ఎవరు వండాలి, ఎవరు కూర్చుని తినాలి అన్నది ఆడా మగా తేడా. కులమైనా, ఈ తేడా అయినా పుట్టేది వంటింట్లోనే. కాబట్టి దాన్ని విరగ్గొట్టాల్సింది కూడా అక్కడే. వంటను అందరూ నేర్చుకునే పనిగా చేస్తే రెండు గోడలూ ఒకేసారి కదులుతాయి. ఇంత పెద్ద సంగతిని మనం పోటీలు, బహుమతులు అంటూ ఆటబొమ్మ చేసుకున్నాం.

కస్తూరిదేవి విద్యాలయం

1923లో కనకమ్మగారు నెల్లూరులో ఆడపిల్లల కోసం బడి పెట్టారు. గాంధీజీ సహధర్మచారిణి కస్తూరిబా పేరు మీద దానికి కస్తూరిదేవి విద్యాలయమని పేరు. తాను చిన్నప్పుడు ఏది లేక అలమటించారో సరిగ్గా అదే తన జిల్లా ఆడపిల్లలకు అందించాలనుకున్నారు.

ఆడపిల్లల చదువు అనగానే ఆ రోజుల్లో రెండు రకాల మాటలు వినిపించేవి. ఒకటి, ఆడదానికి చదువెందుకు, ఇంటిపని చాలు అనేది. రెండోది కొంచెం మెత్తటిది. చదివించండి, కానీ మంచి ఇల్లాలు కావడానికి ఎంత కావాలో అంతే చదివించండి అనేది. ఈ రెండో మాట మన పెద్ద సంస్కర్తల్లో కూడా చాలామంది అన్నారు. అప్పటి స్త్రీల పత్రికలు తిరగేస్తే ఈ వాదన ఎన్ని పేజీలు నిండి ఉందో చూడొచ్చు. దేశమంతటా ఇదే చర్చ. అఖిల భారత మహిళా సభ వారు 1932లో ఢిల్లీలో లేడీ ఇర్విన్ కాలేజీ పెట్టి గృహవిజ్ఞానాన్ని కాలేజీ చదువు స్థాయికి తీసుకెళ్లారు. ఇంటిపనిలో కూడా శాస్త్రం ఉంది అని చెప్పడానికి అదొక దారి. కానీ ఆ దారి ఆడవాళ్లకొక్కరికే వెయ్యడంతో, శాస్త్రమూ వాళ్లదే, చాకిరీ వాళ్లదే అయింది.

కనకమ్మగారి బడి జాతీయ విద్య అనే భావంతో పుట్టింది. అక్కడ అక్షరమూ ఉంది, చేతిపనీ ఉంది. రాట్నం ఉంది. అయితే అది చదువుకు బదులు పెట్టిన రాట్నం కాదు. ఎవరి మీదా ఆధారపడకుండా నిలబడాలంటే ఆడపిల్లకు పుస్తకం తెలియాలి, చేతికి పని కూడా తెలియాలి అన్నది దాని వెనకున్న ఆలోచన. ఈ తేడా సన్నటి గీత లాంటిది. నా తొమ్మిదో తరగతిలో లెక్కలు తీసేసి ఉప్మా పెట్టారు. లెక్కలతో పాటు ఉప్మా పెట్టి ఉంటే, అందరికీ పెట్టి ఉంటే, నేను ఇవాళ ఈ మాటలు రాసేదాన్ని కాదు.

బడి అంటే పలక, బలపం పట్టుకుని కూర్చుంటే నడిచేది కాదు గదా. ఇల్లు కావాలి, పంతులమ్మలు కావాలి, నెల తిరిగేసరికి జీతాలు కావాలి. కనకమ్మగారు ఇంటింటికీ తిరిగి విరాళాలు అడిగారు. చేతిలో ఉన్నది పెట్టారు, చాలకపోతే ఆస్తి కరిగించారు. ఒకప్పుడు నలుగురికి పెట్టిన చెయ్యి పదిమంది ముందు చాచాల్సి వచ్చింది. తన కోసం కాదు కాబట్టి ఆమె సిగ్గుపడలేదు. 1929లో గాంధీజీ మళ్లీ నెల్లూరు వచ్చినప్పుడు ఆ విద్యాలయ భవనానికి శంకుస్థాపన చేశారు.

చిటికెడు ఉప్పు

ఆ మరుసటేడు 1930. ఉప్పు సత్యాగ్రహం. మనం రోజూ కూరలో వేసే చిటికెడు ఉప్పు దేశాన్ని కదిలించిన సంవత్సరం అది. సముద్రం మనది, ఎండ మనది, అయినా ఉప్పు తయారు చేసుకుంటే నేరం. 1882 నాటి ఉప్పు చట్టం అలా ఉండేది. ఒడ్డున దానంతట అదే పేరుకున్న ఉప్పును పల్లెవాళ్లు గోకి తెచ్చుకున్నా కేసు పెట్టేవాళ్లు. గాంధీజీ మార్చి 12న సబర్మతి నుంచి నడక మొదలుపెట్టి ఏప్రిల్ 6న దండి ఒడ్డున ఉప్పు తీశారు. మన నెల్లూరు తీరంలో మైపాడు దగ్గర ఉప్పు చట్టాన్ని ధిక్కరించారు. కనకమ్మగారు ఆ ఉద్యమంలోకి దిగి జైలుకు వెళ్లారు. రాయవేలూరు జైలులో శిక్ష అనుభవించారు. తరవాత శాసనోల్లంఘన కాలంలో మళ్లీ జైలుకు పోయారు. బడి పెట్టిన మనిషి జైల్లో ఉంటే బడి ఎవరు చూడాలి, జీతాలు ఎవరివ్వాలి? ఆమె తిరిగి వచ్చాక మళ్లీ మొదటి నుంచి అన్నట్టే ఉండేది.

1931 మార్చిలో గాంధీ, ఇర్విన్ ఒప్పందం జరిగినాక తీరప్రాంతం పల్లెవాళ్లు ఇంటి వాడకానికి ఉప్పు తెచ్చుకోవచ్చునన్నారు. ఇది చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ఇంట్లో ఉప్పు డబ్బా తీసి చూశాను. ఇసకపల్లి వైపు వెళ్తే ఉప్పు మడులు కనపడతాయి. సముద్రపు నీళ్లు మడుల్లోకి పెడతారు, ఎండకు నీళ్లు ఆవిరవుతాయి, చిక్కబడిన నీళ్లలోంచి ఉప్పు రాళ్లు కడతాయి, మిగిలిన చేదు నీళ్లు వదిలేస్తారు. సైన్సు పుస్తకంలో స్ఫటికీకరణ అని పెద్ద మాట రాసి ఉంటుంది. మా పెద్దాడు దాన్ని రెండు మార్కుల కోసం బట్టీ పట్టాడు. అది మనూరి ఎండలో రోజూ జరిగే పనేనని వాడికి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఉద్యమం ఒక్కటే కాదు. జమీందారీ రైతుల కష్టాలు చూసి వాళ్ల పక్షాన నిలబడ్డారు కనకమ్మగారు. నెల్లూరు నుంచి వెలువడిన జమీన్ రైతు పత్రిక పుట్టుకలో కూడా ఆమె చెయ్యి ఉంది. తాను పెద్ద రైతు కుటుంబంలో పుట్టి, పెద్ద రైతు ఇంటికి కోడలై, ఆ వర్గానికే రుచించని పని చెయ్యడానికి ధైర్యం కావాలి.

ఇంతలో ఇంట్లో దెబ్బ తగిలింది. ఒక్కగానొక్క కూతురు వెంకటసుబ్బమ్మ చిన్నవయసులోనే కన్నుమూసింది. ఊరి పిల్లలందరికీ బడి పెట్టిన తల్లికి సొంత బిడ్డ దక్కలేదు. ఇక్కడ నేను పుస్తకం మూసేసి కాసేపు ఊరికే కూర్చున్నాను. ఆ దుఃఖంలో ఆమె మనసు ఆధ్యాత్మికం వైపు మళ్లింది. అయినా బడిని వదల్లేదు.

చేతిలో చదువు

కనకమ్మగారు నెల్లూరులో చేస్తున్న ఆలోచనే దేశమంతటికీ వర్తించేలా 1937 అక్టోబరులో వార్ధాలో ఒక సభ జరిగింది. గాంధీజీ అక్కడ నయీ తాలీం గురించి చెప్పారు. ఏదో ఒక చేతిపని ద్వారానే అన్ని పాఠాలూ చెప్పాలన్నది దాని సారం. డాక్టర్ జాకీర్ హుసేన్ సంఘం దానికి పాఠ్యప్రణాళిక రాసింది. సేవాగ్రాంలో ఆర్యనాయకంగారు, ఆశాదేవిగారు దాన్ని నడిపి చూపించారు. అక్కడి పిల్లలు వంతుల వారీగా వంటింట్లో పని చేసేవాళ్లు. ఆడపిల్లలూ, మగపిల్లలూ అందరూ. ఎంతమందికి ఎన్ని గింజలు కావాలి, దానికెంత ఖర్చు, అందులో ఒంటికి బలమిచ్చేది ఎంత అని లెక్క రాసుకోవడం కూడా పాఠమే. అంటే గణితమూ, ఆరోగ్యమూ, తోటపనీ అన్నీ ఒక కుండలోనే ఉడికేవి.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా పెద్దవాళ్లు ఈ సంగతి ఆలోచించకపోలేదు. 1960ల మొదట్లో హంసా మెహతాగారి సారథ్యంలో ఒక సంఘం, ఆడపిల్లలకొక చదువు, మగపిల్లలకొక చదువు అనే విభజన వద్దని చెప్పింది. 1966లో కొఠారి కమిషన్ గృహవిజ్ఞానాన్ని ఆడపిల్లలకు తప్పనిసరి చెయ్యకూడదంది. బయటి దేశాల్లో చూస్తే జపాన్‌లో గృహవిద్యను 1993లో మాధ్యమిక పాఠశాలల్లోనూ, 1994లో ఉన్నత పాఠశాలల్లోనూ మగపిల్లలకు కూడా తప్పనిసరి చేశారు. ఇంగ్లండులో 2014 నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లలందరికీ వంట, పోషకాహారం పాఠం పెట్టారు. మన 2020 జాతీయ విద్యా విధానంలో ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు సంచి లేని పది రోజులు ఉండాలని, ఆ రోజుల్లో స్థానికంగా ఉన్న చేతిపనులు నేర్పాలని రాశారు. కాగితం మీద అంతా బాగుంది. మా పిల్లల బడిలో ఆ శనివారం ఏం జరిగిందో మొదట్లోనే చెప్పాను గదా.

ఇంకో లెక్క చెబుతాను. 2019లో ప్రభుత్వం వారు మనవాళ్లు రోజు ఎట్లా గడుపుతున్నారని లెక్క తీశారు. ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, ఇంటిపని చేసే మగవాళ్లు 97 నిమిషాలు ఆ పనికి పెడుతున్నారట. అసలు ఇంటిపనిలో చెయ్యి పెట్టే మగవాళ్లే నూటికి ఇరవై ఆరుగురు. అయిదు గంటలకు ఒక నిమిషం తక్కువ మనం చేసే పని ఏ బడిలోనూ చదువు కాదు, ఏ లెక్కలోనూ పని కాదు. పిల్లలకు బడిలోనే ఇది నేర్పకపోతే రేపు వాళ్ల ఇళ్లలోనూ ఇదే లెక్క.

కనకమ్మగారు 1963 సెప్టెంబరు 15న కన్నుమూశారు. కలిగిన ఇంట్లో పుట్టి, కలిగిన ఇంట్లో మెట్టి, ఉన్నదంతా ఊరికి పెట్టి వెళ్లిపోయారు. ఆమె రాసుకున్న ఆత్మకథ ఎన్నో ఏళ్లు వెలుగు చూడలేదు. చివరికి 2011లో కనకపుష్యరాగం పేరుతో పుస్తకంగా వచ్చింది. పోయిన నలభై ఎనిమిదేళ్లకు గానీ ఆమె మాట ఆమె నోటితోనే మనకు అందలేదు. నెల్లూరులో కస్తూరిదేవి పేరు మాత్రం చెరిగిపోలేదు. ఆ తోవన పోయే చాలామందికి ఆ పేరు వెనక ఎంత కథ ఉందో తెలియకపోవచ్చు. మీరు నెల్లూరు వెళ్తే ఒకసారి ఆగి చూడండి.

మా ఇంటి సంగతి

మళ్లీ మా ఇంటికొస్తాను. పోటీ అయిన వారం రోజులకు ధైర్యం చేసి బడికి వెళ్లి పెద్ద పంతులమ్మగారిని కలిశాను. పోట్లాడలేదు. మగపిల్లలకు కూడా వంట నేర్పండమ్మా, ఆడపిల్లలకు అత్తారిల్లు గుర్తు చెయ్యకండమ్మా అని మాత్రం అడిగాను. ఆమె మొదట నవ్వారు. తరవాత, మీరన్నది నిజమే గానీ మగపిల్లల తల్లులే ఒప్పుకోరు అన్నారు. అందులో అబద్ధం లేదు. మగబిడ్డ గరిటె పట్టుకుంటే మా అత్తయ్యకు కూడా మనసు ఒప్పదు. ఈ సారికి చూద్దాం అన్నారు పంతులమ్మగారు. ఆమె మాట నిలబెట్టుకుంటారో లేదో చూడాలి.

బడి సంగతి బడిది. నా పొయ్యి నా చేతిలోనే ఉంది గదా! ఆదివారం పెద్దాడిని, చిన్నదాన్ని ఇద్దరినీ వంటింట్లో కూర్చోబెట్టాను. చేపల పులుసు నేర్పాను. నెల్లూరువాళ్లం, అది రాకపోతే ఎట్లా? చింతపండు ఎంత చిక్కగా పిసకాలి, మామిడికాయ ముక్కలు ఎప్పుడు వెయ్యాలి, చేప ముక్కలు వేశాక గరిటె పెట్టి కలపకుండా చట్టిని గుడ్డతో పట్టుకుని తిప్పాలి, లేకపోతే ముక్క విరిగిపోతుంది. పులుసు మరుసటి రోజుకు ఎందుకు రుచి పెరుగుతుందో చిన్నది అడిగింది. రాత్రంతా పులుపూ కారమూ ముక్కలోకి దిగుతాయి గదా అని చెప్పాను. లెక్క కూడా రాయించాను. చేపకెంత, నూనెకెంత, మనిషికెంత పడింది అని. పెద్దాడు భాగహారం తప్పు చేస్తే చిన్నది దిద్దింది. మా అత్తయ్య గడప దగ్గర నిలబడి చూసి, ఏందమ్మా ఈ చోద్యం అనుకుంటూ వెళ్లారు గానీ, రాత్రి రెండోసారి పులుసు అడిగి వేయించుకున్నారు.

పులుసులో ఉప్పు కాస్త ఎక్కువైంది. వేసింది పెద్దాడు. మొహం చిన్నబుచ్చుకున్నాడు. ఎక్కువైన ఉప్పును ఎట్లా సరిచెయ్యాలో చూపించి, ఇంకొంచెం చింతపండు రసం, నీళ్లు పోయించాను. పొయ్యి మీద అది మళ్లీ ఉడుకుతుండగా మైపాడు సంగతి చెప్పాను. ఈ ఉప్పు కోసం మన ఒడ్డున జనం చట్టానికి ఎదురు నిలిచారని, ఆ ఉద్యమంలోనే మన జిల్లా ఆడమనిషి ఒకామె జైలుకు పోయిందని, ఆమే ఆడపిల్లల కోసం బడి పెట్టిందని చెప్పాను. ఆమె ఏ బడిలో చదువుకుందమ్మా అని అడిగాడు వాడు. ఏ బడిలోనూ కాదు నాయనా అన్నాను. వాడు కాసేపు ఏమీ అనలేదు. తరవాత లేచి, చెప్పకుండానే చట్టిని గుడ్డతో పట్టుకుని మెల్లగా తిప్పాడు.